మేస్త్రి ఇచ్చిన బ్రేకులు

మేస్త్రి పోయాడన్న కబురు నాకు చెప్పినవాడు నవ్వుతూ చెప్పాడు.

సూళ్ళూరుపేటలో నేను పని చేసే కట్టెల అడితీకి అల్లూరు మస్తాన్ వచ్చాడు. ఒకప్పుడు మేమిద్దరం ఒకే గ్యాంగులో రైలు కట్ట మీద మట్టి మోసినవాళ్ళం. శ్రీహరికోట దీవిలో రాకెట్లు ఎగరేసే కేంద్రం కడతారట, కూలీలు కావాలట అని విని పని వెతుక్కుంటూ ఇటు దిగాడు. సరివి మొద్దు మీద కూర్చుని, తెప్పించిన టీ సగం తాగి, అప్పుడు చెప్పాడు.

“అన్నా, నీకో మంచి కబురు. మేస్త్రి పోయినాడు.”

నేను పక్కనున్న కట్టెను సర్దాను.

“ఏందన్నా, నవ్వవే? నీ కూటి మీద కొట్టినోడు గదా.”

కొట్టినవాడే. అయినా నాకు నవ్వు రాలేదు. మస్తాన్ వెళ్ళాక మొద్దులు పేర్చడానికి లేచాను. ఆయన మీద నా కోపం ఏమీ తగ్గలేదు. కానీ కోపం కంటే ముందు ఆయన నడక గుర్తుకొచ్చింది.

రైలు పట్టాల కింద వేసే దుంగలను స్లీపర్లంటారు. వాటి మీద నడిచేవాళ్ళకు ఒక కొలత అలవాటవుతుంది. ఒక దుంగ నుంచి మరో దుంగకు ఎంత ఎడమో అంతే అంగ. మేస్త్రి ఎక్కడ నడిచినా ఆ అంగతోనే నడిచేవాడు. కావలి బజారులో కూరగాయలు కొనేటప్పుడూ అంతే, పెళ్ళి పందిట్లో విస్తళ్ళ మధ్యా అంతే. లేని స్లీపర్లను దాటుకుంటూ వస్తున్నట్టు ఉండేది. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే తల తిప్పే ముందు పక్కకు తొలగేవాడు, రైలుకు దారి ఇచ్చినట్టు.

ఆయన పేరు నాకు తెలుసు. రాయను. గ్యాంగులో ఎవరమూ ఆ పేరు వాడలేదు. ఆయన కూడా మమ్మల్ని పేర్లతో పిలిచేవాడు కాదు. మస్తాన్‌ది అల్లూరు గనక “అల్లూరోడా” అనేవాడు. నన్ను “లైబ్రరీ” అనేవాడు.

ఆ పేరు నాకు మొదటి రోజే పడింది. మా నాయన బకింగ్‌హాం కాలవ మీద పడవ లాగేవాడు. వడ్లు, ఉప్పు, సరివి కట్టెలు ఆ కాలవ మీదుగా మద్రాసుకు పోయేవి. రోడ్లు బాగుపడి లారీలు వచ్చాక సరుకు లారీ ఎక్కింది. మా నాయన గట్టున కూర్చున్నాడు. నా బడి చదువు అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాతి చదువంతా గ్రంథాలయంలోనే. మా ఊరి పంచాయతీ గ్రంథాలయంలో ఉన్న రెండు బీరువాలూ అయ్యాక కావలికి నడిచి వెళ్ళి చదివేవాణ్ణి. నిఘంటువుకు రాసిన ముందుమాట కూడా వదలకుండా చదివినవాణ్ణి. నిరుద్యోగం మీద అయితే దొరికినదంతా చదివాను. ఎందుకంటే నేనదే.

రైల్వేవాళ్ళు మా తీరం వెంట రెండో లైను వేస్తున్నారని, కూలీలను తీసుకుంటున్నారని విని కట్ట దగ్గరికి పోయాను. మేస్త్రి పట్టా మీద గొంతుక్కూర్చుని, అరచేతి వెనక భాగం పట్టాకు ఆనించి ఉన్నాడు. జ్వరం చూసే వైద్యుడిలా ఉన్నాడు.

“ఎవురబ్బయా నువ్వు?”

“పడవల సుబ్బయ్య కొడుకుని.”

“ఏం చేస్తుండావు?”

“ఖాళీగా ఉండా.”

“చేతిలో అదేంది?”

“పుస్తకం. పంచవర్ష ప్రణాళిక గురించి.”

“దాంట్లో మీ నాయన పడవ గురించి రాసుండారా?”

“లేదు.”

“అయితే దాన్ని ఆ గుడిసెలో పెట్టి గమేళ అందుకో.”

ఆ రోజు ఆ ఇనప తట్టతో మట్టి మోస్తుంటే మెడ విరిగిపోయింది. కానీ సాయంత్రం నా పుస్తకం నాకు తిరిగిచ్చేటప్పుడు ఆయన దాన్ని తన తువ్వాలుతో తుడిచి ఇచ్చాడు. అది చూసి నేను ఆయనకు పడిపోయాను. మా ఇంట్లో కూడా పుస్తకాన్ని ఎవరూ అలా పట్టుకోలేదు.

మధ్యాహ్నం సద్ది విప్పుకొనే వేళ ఆయన మాకు జిల్లా చెప్పేవాడు. గడ్డపార మొనతో దుమ్ములో పొడుగ్గా ఒక గీత గీసేవాడు. అది సముద్రం. దాని పక్కన ఇంకో గీత, కాలవ. అక్కడక్కడా చుక్కలు పెట్టేవాడు.

“పని చేపల గుంపురా. ఒకచోట నిలవదు. నిన్న కాలవలో ఉన్నింది. లారీలొచ్చినాయి, విడిచిపెట్టి పోయింది. గూడూరు పక్క అబ్రకంలో ఉన్నింది. ఆడోళ్ళు తెల్లారేకే పోయి రేకులు చీల్చేవోళ్ళు. ఇప్పుడు దొరలు కొనేది తగ్గించినారంట, ఆడా పల్చబడింది. వరిలో ఉంటాది గానీ నాట్లకీ కోతలకీ వస్తాది, మధ్యలో ముఖం చూపీదు. ఇప్పుడీ కట్ట మీదికి వచ్చుండాది. ఉన్నప్పుడే వల వెయ్యాల.”

“వలంటే ఏంది మేస్త్రీ?” అని మస్తాన్ అడిగేవాడు, జవాబు తెలిసే.

“పర్మెంటు.”

పర్మనెంటు ఉద్యోగమన్న ఆ మాట అనేటప్పుడు గొంతు తగ్గించేవాడు, గుడిలో అన్నట్టు.

నేను ఊరుకోలేక పుస్తకాల్లోని సంగతులు చెప్పేవాణ్ణి. ఇద్దరు చాలే చేనికి నలుగురు పోయి పని చేస్తే, పైకి నలుగురికీ పని ఉన్నట్టే కనపడుతుంది, నిజానికి ఇద్దరు ఖాళీయే, దాన్ని ప్రచ్ఛన్న నిరుద్యోగం అంటారు అని చెప్పాను. మేస్త్రికి ఆ మాట ఎంత నచ్చిందంటే, మర్నాడు గడ్డపార మీద గడ్డం ఆనించి నిలబడ్డ వాణ్ణల్లా “ఏరా ప్రచ్ఛన్నం, కదుల్తావా, మీ యమ్మను పిలిపించేదా?” అని అదిలించాడు. గ్యాంగంతా ఆ మాట పట్టుకుంది. నిరుద్యోగం అన్న మాటను మాత్రం ఆయన ఒప్పుకోలేదు.

“నిరుద్యోగమంటే ఉద్యోగం పోయినోడికిరా లైబ్రరీ. మనకెప్పుడున్నిందని పోయేదానికి?”

కట్ట మీద అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి పోయి ఆలోచిస్తే, నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా ఆ ప్రశ్న లేదు.

పర్మెంటు సంగతి ఇదీ. రెండో లైను వెయ్యడం అయిపోతే మమ్మల్ని పంపించేస్తారు. కానీ వేసిన లైనును చూసుకోవడానికి గ్యాంగుమెన్‌లు కావాలి. ఆ కొద్ది ఉద్యోగాలకు మాలోంచే తీసుకుంటారు. నియమం ఒకటే, నిర్ణయించిన గడువు తెగకుండా పని చేసి ఉండాలి. ఎవరు పనిలో ఉన్నారో, ఎవరు మానారో ఆఫీసుకు చెప్పేది మేస్త్రి. నాకు ఆ ఉద్యోగం కావాలి. మా నాయనలా ఒక పొద్దున లేచి, పని ఊరు విడిచిపోయిందని తెలుసుకునే గతి నాకు వద్దు. మా అమ్మ అప్పటికే వీధిలో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పుకుంటోంది, “మావాడు డబల్ లైన్లో ఉండాడు, పర్మెంటు అయిపోతాడు” అని.

బ్రేకు అన్న మాట మేస్త్రి నోట మొదటిసారి విన్నది కోతలప్పుడు. మేస్త్రి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“లైబ్రరీ, మీ యమ్మ ఒంటిగా కోతలకు పోతుందంట గదా. నువ్వు ఈ నాలుగు దినాలు ఇంటికాడ ఉండిపో. నీకు బ్రేకిస్తా.”

నేను తటపటాయించాను. “సర్వీసు పోదు గదా మేస్త్రీ?”

ఆయన నా వైపు జాలిగా చూశాడు. అప్పుడే మద్రాసు పోయే ప్యాసింజరు సిగ్నలు దగ్గర ఆగి ఉంది. దాన్ని చూపించాడు.

“అదిగో, డ్రైవరు బ్రేకేసినాడు. బండి ఆగింది. ఆగితే వచ్చిన దూరం వెనక్కి పోయిందా? బెజవాడ నుంచి వచ్చింది వచ్చినట్టే గదా. సిగ్నలు చెయ్యి దించితే మళ్ళా ఈడ నుంచే పోతాది. బ్రేకంటే అంతే.”

ఇంతకంటే తేటగా ఎవరు చెప్పగలరు? మేము పుట్టినప్పటి నుంచి రైళ్ళు చూస్తున్నవాళ్ళం. బ్రేకు అన్న మాట మా ఇళ్ళల్లో ఆడవాళ్ళకు కూడా తెలుసు. సైకిలుకుంది, జట్కాకుంది, రైలుకుంది. ఆ పూట సిగ్నలు పడింది, బండి కదిలింది. మేస్త్రి చెప్పినట్టే ఆగినచోటి నుంచే కదిలింది.

నేను ఇంటికి పోయాను. కోతలయ్యాక తిరిగి వచ్చి గమేళ అందుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత నాట్లప్పుడు ఇచ్చాడు. మా నాయనకు జబ్బు చేసినప్పుడు ఇచ్చాడు. ఒకసారి కావలి గ్రంథాలయానికి కొత్త పుస్తకాలు వచ్చాయని నేను ఊరికే అంటే దానికీ ఇచ్చాడు. “చదువుకొని రారా, వచ్చి మాకు చెబుదువు” అన్నాడు. అందరికీ ఆ మర్యాద దక్కేది కాదు. మేము ఏడెనిమిది మందిమి ఆయనకు ఇష్టులం. బ్రేకు దొరికినవాడు కట్ట మీద కాస్త ఛాతీ విరుచుకు నడిచేవాడు. దొరకనివాళ్ళు “నీకేం లేరా, మేస్త్రి ఇంటి దూడవి” అనేవాళ్ళు.

మస్తాన్‌కు ఒకసారి ఇవ్వబోతే వాడు తల గోక్కున్నాడు. “ఎందికి మేస్త్రీ? నాకు ఇంటికాడ ఏం పన్లేదే. ఈడనే ఉంటా” అన్నాడు. మేస్త్రి వాణ్ణి తేరిపార చూసి, “పోనీలే, ప్రచ్ఛన్నం” అని వెళ్ళిపోయాడు. తర్వాత మస్తాన్ పట్టా మోస్తూ కాలు మీద వేసుకుని, తానే మానుకోవలసి వచ్చింది. అది వేరే సంగతి.

ఇక రమణయ్య. మేస్త్రి సొంత అక్క కొడుకు. మేస్త్రి ఎక్కువ తిట్లు తిట్టింది వాణ్ణే. ఒళ్ళు వంగదని, తిండికి తప్ప దేనికీ నోరు తెరవడని, అక్క మొహం చూసి భరిస్తున్నానని అందరి ముందూ అనేవాడు. వాడు నోరు లేనివాడు. ఒక వానకాలం వాళ్ళమ్మకు జబ్బు ముదిరిందని ఊరి నుంచి మనిషి వచ్చాడు. రమణయ్య వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“మామా, ఒక్క దినం పోయొస్తా.”

“పని ఎవుడు చేస్తాడు, మీ నాయన దిగొస్తాడా పైనుంచి?”

“అమ్మ కలవరిస్తుందంట మామా.”

“మా అక్క సంగతి నాకు తెలుసు. నేను పోయి చూసొస్తా. నువ్వు గమేళ ఎత్తు.”

రమణయ్య అక్కడే నిలబడి ఏడ్చాడు. నాకు ఒళ్ళు మండింది. “మేస్త్రీ, నా బ్రేకు వాడికియ్యి. నేను నాట్లకు పోను” అన్నాను.

మేస్త్రి నా వైపు తిరిగాడు. అంత కటువుగా నన్నెప్పుడూ చూడలేదు. “నువ్వు మధ్యలో రాబాక లైబ్రరీ. నీది నువ్వు తీసుకో” అన్నాడు.

ఆ రోజు గ్యాంగంతా అనుకున్నాం, ఈయన గుండె కంకరరాయి అని. పరాయివాళ్ళకు పెట్టే మనిషి సొంతవాణ్ణి ఇలా కాల్చుకు తింటాడేమిటి అని. నేను రమణయ్యకు నా సద్దిలో సగం పెట్టాను. పెడుతూ, మేస్త్రికి పైకి చెప్పుకోలేని న్యాయబుద్ధి ఏదో ఉందని, తనవాళ్ళను ఎక్కువ చూస్తున్నానని ఎవరూ అనకూడదనే ఇలా చేస్తున్నాడని వాడికి ధైర్యం చెప్పాను. పుస్తకాల్లో అలాంటి మనుషులు ఉంటారు మరి.

లైను పని మా పక్క ముగియబోతుండగా ఆఫీసుకు పిలిచారు. గుమాస్తా అరవాయన. పెద్దమనిషి. నా పని దినాలు చూసి నుదురు చిట్లించాడు.

“ఎన్నప్పా ఇది, నీకు సర్వీసే లేదే.”

“మొదటి నుంచీ ఉండాను సార్. మధ్యలో బ్రేకులు, అంతే.”

“అదే చెప్తున్నా. అన్నీ బ్రేకులే.”

“ఆపినాడు సార్. తీసేయలా. బండి ఆగితే వచ్చిన దూరం పోతుందా?”

గుమాస్తా నవ్వబోయి, నా ముఖం చూసి మానుకున్నాడు. బల్ల మీద ఉన్న సుద్దముక్క తీసి నా ముందు రెండుగా విరిచాడు. రెండు ముక్కలూ ఎడంగా పెట్టాడు.

“బ్రేక్ అంటే ఇది తంబీ. నువ్వు పోయిన ప్రతిసారీ ఇలా తెగిపోయింది. తిరిగొచ్చిన రోజు నుంచి మళ్ళీ కొత్త. ఉన్న నాలుగు ఖాళీలకు గడువు నిండినవాళ్ళు దొరికారు. నువ్వు వచ్చిన రోజు వచ్చినవాళ్ళే.”

ఆ నిండినవాళ్ళలో మొదటివాడు రమణయ్య. మిగిలినవాళ్ళూ మేస్త్రి తిట్ల కింద ఒక్కరోజు కూడా కదలనివాళ్ళే. అందరూ ఆయన అక్క ఊరివాళ్ళు.

నేను నేరుగా గ్రంథాలయానికి పోయాను. ఎప్పుడూ తీసే నిఘంటువే తీశాను. ఇంగ్లీషులో అవి రెండు మాటలు. అక్షరాలు వేరు, అర్థాలు వేరు. ఒకటి ఆపేది, ఒకటి విరిచేది. మన నోటికి వచ్చేసరికి రెండూ ఒకటే బ్రేకు. ఎన్ని వందల మాటలకు ఆ పుస్తకం తిరగేశానో. తెలియని మాట కోసం నిఘంటువు తీస్తాం. తెలుసుననుకున్న మాట కోసం ఎవరు తీస్తారు?

ఇంకా ఒక ఆశ మిగిలింది, మేస్త్రికీ తెలియదేమోనని. ఆయనా మాలాగే రైలు బ్రేకు అనుకుని ఉండవచ్చు. ఆ ఆశతోనే మర్నాడు ఆయన ఇంటికి పోయాను.

ఆయన అరుగు మీద కూర్చుని పొగాకు నలుపుతున్నాడు. నన్ను చూసి, ఏమీ జరగనట్టు, లోపలికి కేకేశాడు. “లైబ్రరీ వచ్చినాడు, అన్నం పెట్టు.” ఆయన భార్య ఆకు వేసింది. నేను కూర్చున్నాను గానీ చెయ్యి పెట్టలేదు.

“నా సర్వీసు ఎందుకు విరిచినావు మేస్త్రీ?”

పొగాకు నలిపే వేలు ఆగింది. “విరిచినావంటుండావే. మాట తెలిసిందా?”

“నిన్న తెలిసింది. నీకెప్పుడు తెలుసు?”

“మొదట్నించీ.”

ఆయన తల దించుకోలేదు. అబద్ధం ఆడి ఉంటే ఆయన మీద నాకు ఇంకా కొంత నమ్మకం మిగిలేది.

“నాలుగే ఖాళీలని తెలిసినప్పుడే మా అక్కకు మాటిచ్చినా. అందరూ గడువు నిండినోళ్ళయితే ఎవుడికి వస్తాదో ఎవుడు చెప్పగలడు? నాకే పర్మెంటు లేదు. ఈ లైనయితే నేనూ నీలాగా గట్టున కూచునేవాణ్ణే. పోయే లోపల ఒకణ్ణన్నా ఎక్కించాల గదా.”

“మరి నేను?”

“నీకు చదువొచ్చు. యాడన్నా బతుకుతావు. వాడికి గమేళ తప్ప ఏమొచ్చు?”

“తాగి వచ్చేవాళ్ళున్నారు. నీ మీద తిరగబడేవాళ్ళున్నారు. వాళ్ళకియ్యకుండా నాకే ఎందుకిచ్చినావు? నువ్వంటే ప్రాణం పెట్టినవాళ్ళకే ఇచ్చినావు.”

మేస్త్రి నన్ను కాసేపు చూశాడు. పని నేర్పేటప్పుడు చూసే చూపు. గడ్డపార ఇలా కాదు, ఇలా పట్టుకోవాలి అని చెప్పేటప్పటి ఓపిక ఆయన గొంతులో ఉంది.

“వాళ్ళకీ ఇయ్యబోతిని. ఎందికని అడిగినారు. అడిగినోడికి ఏం చెప్పేది? చదువుకున్నోడివి, నువ్వూ ఒకనాడు అడగతావనే అనుకున్నా. ప్రతిసారీ అనుకున్నా. నువ్వు అడగలా. నమ్మనోడికి బ్రేకు ఎట్టిస్తార్రా లైబ్రరీ?”

ఆయన భార్య పులుసు గిన్నెతో వచ్చి, మా ఇద్దరి ముఖాలూ చూసి, ఏమీ అడగకుండా వడ్డించింది. “తిను అబ్బయా, చల్లారిపోతాది” అంది. నేను తిన్నాను. సగంలో లేచిపోతే కోపం వచ్చిందనుకుంటాడు. కోపమైతే చల్లారాక మళ్ళీ వస్తాడనుకుంటాడు. అందుకని ఆకు ఖాళీ చేసి, మడిచి, చెయ్యి కడుక్కున్నాను. మేస్త్రి అరుగు మీదే కూర్చుని, పని ఇప్పుడు దక్షిణానికి తిరిగిందని, సూళ్ళూరుపేట పక్కకు పొమ్మని, అక్కడ అడితీలో తనకు తెలిసినవాళ్ళున్నారని చెబుతున్నాడు.

మెట్లు దిగి చెప్పాను.

“పోతుండా మేస్త్రీ.”

ఆయన భార్య గుమ్మంలోంచి నొచ్చుకుంది. “పోతుండా అనకూడదబ్బయా. పొయ్యొస్తానను.”

నేను అనలేదు. ఆమె మళ్ళీ చెప్పబోయింది. మేస్త్రి చెయ్యెత్తి ఆపాడు.

“అననీలేవే. అర్థం చూసుకొనే అన్న మాట అది.”